సువార్తమ్మ పది నిమిషాలు

భీమడోలులో మా చర్చి ఆడవాళ్ళందరిలోకీ తక్కువ మాట్లాడేది సువార్తమ్మ. కొల్లేరు చేపల చెరువుల దగ్గర ఐసు కొట్టి, చేపల్ని పెట్టెల్లో సర్దే పని ఆమెది. ఎంత రుద్దినా చేతుల నీచు వాసన పోవడం లేదని చివరి చాప మీదే కూర్చునేది.

2007లో ఏలూరు నుంచి ఒకావిడ వచ్చి మా చేత ముగ్గురేసి జట్లు కట్టించింది. ప్రతి గురువారం ఒక్కొక్కరూ పది నిమిషాలు తమ కష్టసుఖాలు చెప్పుకోవాలి, మిగతా ఇద్దరూ వినాలి. అంతే. సలహాలు చెప్పకూడదు, బైబిలు వాక్యం ఎత్తకూడదు, ప్రార్థన కూడా చివర్లోనే. మా జట్టులో సువార్తమ్మ, బిందు, నేను. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్నని పెద్దరికం నాకిచ్చారు. హవ్వ! నా నోటికా, వినడం నేర్పే పని!

మూడు వారాలు సువార్తమ్మ, "నాదేముందండీ టీచరుగారూ, బాగానే ఉన్నానండీ" అని తప్పించుకుంది. నాలుగో వారం తలొంచుకుని మొదలుపెట్టింది.

"రెండు నెలల్నించీ మనసు మనసులో లేదండీ. ఎవరికి చెప్పాలో తెలీక... ఒంట్లో..."

కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. నేను ఆగలేకపోయాను. "ప్రార్థన చేద్దాం తల్లీ" అని ఆమె తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. గుక్క తిప్పుకోకుండా చేశాను. కళ్ళు తెరిచేసరికి ఆమె మొహం తుడిచేసుకుంది.

"ఇంకా టైముందక్కా, చెప్పు" అంది బిందు.

"అయిపోయిందమ్మా" అంది సువార్తమ్మ.

ఆమె ఏడుపు చూడలేక కళ్ళు మూసుకున్నాను నేను. దానికి ప్రార్థన అని పేరు పెట్టాను. పైగా ఓదార్చానని మురిసిపోతూ ఇంటికెళ్ళాను, సిగ్గులేనిదాన్ని.

ఏడు నెలల తర్వాత పని దగ్గరే పడిపోతే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రొమ్ములో గడ్డ, ముదిరిపోయింది, ముందే వచ్చుంటే బాగుండేదన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నాలుగు బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను.

"ఆ రోజు చెప్పబోయింది ఇదేనా?"

"అవునండీ."

"ఇప్పుడు చెప్పు సువార్తమ్మా. ఎంతసేపైనా వింటాను. నోరెత్తను."

ఆమె నన్ను చూసి నవ్వింది.

"ఇప్పుడు చెప్పడానికేముందండీ? డాక్టరుగారు అంతా చెప్పేశారు కదా. ఇంత దూరం వచ్చారు, ప్రార్థన చెయ్యండి."

కళ్ళు మూసుకుని నా కోసం ఎదురుచూసింది. ఈసారి నేను కళ్ళు మూసుకోలేకపోయాను.