బీరువాలో రెండో కార్డు

విజయవాడలో పొద్దున్నే పాసింజరెక్కాను. తాడేపల్లిగూడెంలో మా కంపెనీ రౌటరు మొరాయిస్తోందని కబురు. రౌటరంటే చుట్టుపక్కల ఊళ్ళ ఇంటర్నెట్టుకు దారి చూపే పెట్టె. దానికి కంట్రోల్ కార్డులు రెండుంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కనే మెలకువగా కనిపెట్టుకుని ఉంటుంది. మొదటిది పడిపోయిన క్షణాన పని అందుకుంటుంది. ఆగినట్టు ఎవరికీ తెలియదు. గూడెంలో మాత్రం రోజూ ఊరంతటికీ తెలుస్తోందట.

దిగేసరికి తొమ్మిదైంది. ఉల్లిపాయల మార్కెట్టు పక్కసందులో మేడ మీద మా ఆఫీసు, కింద నెట్ సెంటరు. టెక్నీషియన్ మస్తాన్ గారు మెట్ల దగ్గరే ఎదురొచ్చారు. ఆయన కూతురు నసీమా కింద కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఇంజినీరింగు సీటుకు కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ సాయంత్రం ఆరింటితో గడువు ఆఖరు. రెండుసార్లు మొదలుపెట్టింది, రెండుసార్లూ సగంలో నెట్ పోయింది.

“ఇంకో ఊరు తీసుకెళ్దామంటే, పెట్టె ఆగినప్పుడల్లా నేనే ఉండి లేపాలండీ,” అన్నారాయన. పిల్ల కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

పైకెళ్ళి చూస్తే రెండో కార్డు ఉండాల్సిన చోట అట్టముక్క దోపి ఉంది.

“కార్డేదండీ?”

“బీరువాలో భద్రంగా ఉందండీ. రెండూ నడిస్తే రెండూ అరిగిపోతాయని మేనేజరు గారు తీసి దాచారండీ.”

“బీరువా తాళం?”

“ఆయన దగ్గరేనండీ. కొల్లేట్లో అత్తవారింటికెళ్ళారు. అక్కడ సెల్లు పలకదండీ.”

“రెండో తాళం?”

“అదీ ఆ గుత్తికేనండీ. విడిగా ఉంటే పోతుందని.”

తాళం కోసం కొల్లేరు బయల్దేరాను. అనాల్సినవన్నీ లోపల అనుకోవడానికి బస్సులో బోలెడు టైముంది.

ఏలూరు బస్సు గుండుగొలను చేరేసరికి పక్కసీటు పెద్దాయన, నల్లజర్ల రైతట, నా కథంతా రాబట్టారు. “తాళం కోసం కొల్లేరా! పోనీలెండి, చేపలైనా తింటారు,” అని ఓదార్చారు.

ఏలూరు నుంచి ఆటో, ఆపైన దోనె. గుర్రపుడెక్క మధ్యలోంచి పడవవాళ్ళు కర్రతో నెట్టుకుంటూ తీరిగ్గా తీసుకెళ్ళారు. రెండు పక్కలా నీళ్ళు, కొంగలు. చూడవలసిన చోటే. వెళ్ళేవారు తాళాల పని పెట్టుకోకుండా వెళ్ళండి.

మేనేజరు సత్యనారాయణ గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. “అయ్యయ్యో, మీరా! ముందు కాళ్ళు కడుక్కోండి. భోంచేస్తేగానీ తాళాలివ్వనండీ.”

చాలాసేపు వాదించి, కొరమేను పులుసు ముందు ఓడిపోయాను. అంత కోపంలోనూ పులుసు దివ్యంగా ఉంది. తింటూనే చెప్పాను: “రెండు తాళాలూ ఒకే గుత్తికుంటే రెండోది ఉండీ లేనట్టేనండీ. బీరువాలో దాచిన కార్డూ అంతే.”

“అర్థమైందండీ,” అని ఆయన నాతోపాటే బయల్దేరారు.

గూడెం చేరేసరికి నాలుగున్నర దాటింది. బీరువాలోంచి కార్డు తీసి బిగించాను. అది మొదటిదాని పనంతా నేర్చుకునేదాకా కాసుకుని, నసీమాను మళ్ళీ మొదలుపెట్టమన్నాం. కాసేపటికే పాత కార్డు పడిపోయింది. ఎర్రలైటు చూసి మస్తాన్ గారు కుర్చీలో కూలబడ్డారు. నేను కిందికి పరుగెత్తాను.

నసీమా మౌస్ నొక్కుతూనే ఉంది. “ఏవండీ, ఏమైందండీ?”

“ఏమీ కాలేదమ్మా. కానియ్యి.”

ఆరు కాకముందే ఆప్షన్లన్నీ చేరిపోయాయి. మస్తాన్ గారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నసీమా మాత్రం, “ఇంత దూరం వచ్చి మీరేం చేశారో గానీ, నాకైతే ఏమీ తెలియలేదండీ,” అంది. నా ఉద్యోగంలో అంతకు మించిన మెప్పు లేదు. పొంగిపోయాను.

పాత కార్డు మళ్ళీ లేచి, ఈసారి అది కాపలాకు కూర్చుంది. దాన్ని మార్చడానికి వారంలో ఇంకోటి పంపుతానని చెప్పి రైలెక్కాను. భీమడోలు దాటాక ఫోను మోగింది.

“ఏవండీ, మీరు చెప్పినట్టే తాళాలు విడదీశానండీ,” అన్నారు సత్యనారాయణ గారు. “ఒకటి నా దగ్గర, రెండోది మస్తాన్ గారి దగ్గర.”

“సంతోషమండీ. ఇంతకీ బీరువాలో ఏముందిప్పుడు?”

“మీరు బిగించిన కార్డేనండీ. అమ్మాయి పనైపోయిందిగా, అరగదీయడమెందుకని తీసి పెట్టేశాను. తీసినా నెట్ ఆగలేదండీ. భలే పెట్టెండీ!”

మొత్తం మీద ఆ ప్రాంతం వాళ్ళు చాలా మంచివాళ్ళు. అతిథిని పస్తుంచరు, వస్తువును అరగనివ్వరు. ఏలూరులో దిగి, గూడేనికి టికెట్టు తీసుకున్నాను.