కాసులమ్మ ఇంటికి రాని అమ్మవారు

మిన్నీ బేలో సముద్రం వైపున్న చివరి రేకుల ఇల్లు కాసులమ్మది. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి పడవ పనికి ఓడెక్కి ఈ దీవికి వచ్చినప్పుడు ఆమె చంటిపిల్ల. పెనిమిటి పోయాక, పిల్లలు లేని ఆ మనిషికి చేపల గంపే ఆధారం. పక్కింటి యర్రమ్మ, ఆమె పొద్దున్నే పడవలాగే జెట్టీలో చేపలు కొని గంపకెత్తుకుని, డైరీ ఫార్మ్ పేట దాకా కబుర్లాడుకుంటూ నడిచి అమ్ముకునేవారు.

ఒక ఏడు ఆమె గొంతులో గడ్డ లేచింది. మద్రాసు ఆసుపత్రిలో కోసి తీశారు. మిగిలిన చెడు మాడిపోవడానికి అయోడిన్ మందు తాగించారు. తాగించే ముందు ఒక నెల్లూరు నర్సు మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఉప్పులోని అయోడిన్, ఈ అయోడిన్ ఒకటేనట. ఏ అయోడిన్ పరమాణువు నడుమ చూసినా యాభై మూడు ప్రోటాన్లే. ఆ సంఖ్య మారితే అది అయోడినే కాదు. వాటితో పాటు న్యూట్రాన్లు ఉంటాయి. మామూలు దాంట్లో డెబ్బై నాలుగు. రెండూ కలిపి నూట ఇరవై ఏడు బరువుతో అది స్థిమితంగా ఉంటుంది. మందు దాంట్లో డెబ్బై ఎనిమిది. ఆ నాలుగు ఎక్కువవడంతో దానికి స్థిమితం ఉండదు. గొంతుకు ఈ బరువు తేడా తెలియదు, ఉప్పులోదే అనుకుని లాక్కుంటుంది. అక్కడ ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఒక రేణువును బయటికి విసురుతుంది. ఆ దెబ్బకే చెడ్డ కండ మాడుతుంది. ప్రోటాన్లు యాభై నాలుగయ్యాక అది జెనాన్ అనే గాలి. సాధారణంగా దేనితోనూ కలవదు.

ఎనిమిది రోజులకోసారి మందు సగానికి తగ్గుతుందని, డాక్టర్లు చెప్పిన గడువు తీరేవరకు పసిపిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్లకూ దూరంగా ఉండాలని ఆ నర్సు చేతులు పట్టుకుని మరీ చెప్పింది. యర్రమ్మ కోడలు అమ్మడు అప్పుడు కడుపుతో ఉంది. అందుకే కాసులమ్మ ఓడలో డెక్ మీద ఒక మూలన పడుకుని వచ్చి, ఇంట్లో దూరి తలుపేసుకుంది. లోపలి నుంచే యర్రమ్మతో, పిల్లల్ని రానివ్వొద్దని చెప్పింది.

తలుపు మూసుకోవడం, పిల్లల్ని రానివ్వొద్దనడం, విడిగా కంచం, విడిగా పక్క. మావాళ్లకు ఇంకేం తోస్తుంది? తెల్లారేసరికి ఎవరో ఆమె గుమ్మానికి వేపమండ కట్టారు. అమ్మవారు పోసిందనుకున్నారు. ఎవరూ కసురుకోలేదు, తిట్టలేదు. యర్రమ్మ గోడ మీద అంబలి ముంత పెట్టేది. పక్క సందులోని బెంగాలీ దీదీ కొబ్బరిబోండాం కొట్టి, మూత పెట్టి ఉంచేది. అమ్మవారి దయ వల్ల కాసులమ్మకు తిండికి లోటు రాలేదు. మాట్లాడే మనిషి మాత్రం లేడు.

డాక్టర్లు చెప్పిన గడువు దాటింది. కాసులమ్మ తల దువ్వుకుని గంప పట్టుకుని బయటికొచ్చింది. వీధి ఖాళీ అయింది. పడవ అసిరయ్య ఒక్కడు దూరంగా ఆగి, చెప్పులు విడిచి ఆమెకు దండం పెట్టాడు. తన ఇంటి మీద చల్లని చూపు ఉంచమని వేడుకున్నాడు. నీళ్లు పోసి అమ్మవారిని సాగనంపనిదే ఆ మనిషి మామూలు మనిషి కాదు కదా. కాసులమ్మ గంప తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. దండం పెట్టేకన్నా తిట్టినా బాగుండేదని తరువాత చెప్పుకుంది.

యర్రమ్మ మనసు ఆగలేదు. గోడవతల నిలబడి అంది:

"వొదినా, పసుపు నీలు పోయించీసుకో. సాగనంపీస్తే రేపే అందరూ వొచ్చెత్తారు. నీకేటి పోనాది?"

"రాని తల్లిని ఏటని సాగనంపుతానే? ఆ తల్లితోనే అబద్ధమాడమంటావా?"

"మరి వొచ్చిందేటి?"

"మందు. అదే తరిగిపోద్ది. సగం, ఆ సగంలో సగం, అందులో మల్లీ సగం. దాన్ని ఎవులూ సాగనంపక్కర్లేదు."

"మద్రాసెల్లొచ్చి లెక్కల మేస్టరమ్మవైపోనావు," అని యర్రమ్మ విసుక్కుని వెళ్లిపోయింది.

ఆ తరువాత కూడా కాసులమ్మ ఒక్కతే ఉంది. గుమ్మానికి వేలాడుతూ ఎండిపోయిన వేపమండను తీసెయ్యలేదు. తల్లి పేర కట్టినదాన్ని తీసి పారేస్తే తప్పని ఆమె భయం. సాయంత్రాలు గడప మీద కూర్చుని, జెట్టీ నుంచి వచ్చే ఆడవాళ్ల గొంతులు వినేది. మలుపు దగ్గరికి రాగానే ఆ గొంతులు తగ్గిపోయేవి. రాత్రి పడుకునే ముందు మాత్రం అమ్మవారికి దీపం పెట్టి, నీ పేరు నేను వాడుకోలేదు తల్లీ అని దండం పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం యర్రమ్మ గోడ దగ్గర ఆగకుండా నేరుగా గుమ్మంలోకి వచ్చింది.

"నాకా సగాలూ అవీ తెల్దు వొదినా. అమ్మోరొచ్చిందని ఒక్క మాట అనీసుంటే ఈధంతా నీ కాడికొచ్చేది. అయినా నువ్వు అన్నేదు. అమ్మోరి మీదే అబద్ధమాడనిదానివి, నాతో ఏటాడతావు? రా, అన్నం తిందుగాని."

కాసులమ్మ వెళ్లింది గానీ, గడువు దాటినా అమ్మడు కడుపు తలుచుకుని ఇంట్లోకి అడుగు పెట్టలేదు. బయట బల్ల చివర కూర్చుని, కంచం ఇక్కడికే ఇమ్మంది. వీధిలో మిగతా తలుపులు మూసే ఉన్నాయి.

కంచం తెచ్చింది అమ్మడు. నిండు నెలల మనిషి, ఆయాసపడుతూ వచ్చి, కంచం అందించి బల్ల మీదే కూర్చుంది. కాసులమ్మ కంగారుగా అంచుకు జరిగింది.

అమ్మడు కూడా జరిగి, ఆమె భుజానికి ఆనుకుంది.