నల్లగానే తీసిన ఫోటో

తొంభైల్లో నర్సీపట్నం బస్టాండు దగ్గర మాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. మా ఆయన పెళ్లిళ్లకు వీడియో తీయడానికి వెళ్తే స్టూడియో నేను చూసుకునేదాన్ని. ఆఫీసు కాగితాలకు జనం బ్లాక్ అండ్ వైట్ ఫోటోలే తీయించుకునేవారు. ఎవరొచ్చినా తెల్లగా రావాలనేవారు. నేనూ పౌడరు రాయించి, రెండు లైట్లూ ముఖం మీదికే తిప్పి, ప్రింటు కూడా పలచగా వేసేదాన్ని.

ఓ సోమవారం ఎస్. రాయవరం అవతల సముద్రం ఒడ్డు నుంచి చేపలమ్మే ఆమె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. వారం కిందట పింఛనుకని నా దగ్గరే ఫోటో తీయించుకుంది. ఆ ఫోటో నా బల్ల మీద పెట్టి, ఇది నువ్వు కాదు పొమ్మని ఇక్కడి పింఛను ఆఫీసు గుమస్తా తిప్పి పంపేశాడని చెప్పింది. మధ్యాహ్నంలోగా ఇవ్వకపోతే మళ్లీ వచ్చే నెలేనట.

ఫోటో చూసి సిగ్గుపడ్డాను. బుగ్గల మీద గీతలు లేవు, ముక్కు ఆనవాలు లేదు. తెల్లటి కాగితం మీద రెండు కళ్లున్నాయంతే.

"నాను నల్లగుంటానమ్మా. నల్లగానే తియ్యి. బేగి తియ్యి," అంది.

ముఖం కడుక్కోమన్నాను. ఒక లైటు ఆర్పేసి, రెండోది పక్కకు జరిపి పైకెత్తాను. ఒక బుగ్గ వెలిగింది, రెండోది చీకటైపోయింది. అటు కుర్చీ మీద తెల్ల దుప్పటి పరిస్తే, దాని వెలుగు తగిలి నీడ కాస్త విచ్చుకుంది. అప్పుడు కనిపించింది ఆమె ముఖం, ఎండకూ ఉప్పుగాలికీ గీతలు పడిన ముఖం.

డార్క్ రూమ్‌లో ఉన్నంతసేపూ నా చూపు గడియారం మీదే. బయట ఆమె గుమ్మం దాకా వెళ్లి వస్తూ, అయిందా అని అడుగుతూనే ఉంది. ప్రింటు పూర్తిగా ఆరకముందే స్టూడియోకి తాళం వేసి ఆమెతో ఆఫీసుకు పరుగెత్తాను. గుమస్తా భోజనానికి లేవబోతున్నాడు. ఫోటో చూశాడు, ఆమెను చూశాడు, కాగితానికి అంటించాడు.

మిగిలిన కాపీని ఆమె చాలాసేపు చూసుకుంది. "మాయమ్మలాగున్నాను," అని కొంగులో దాచుకుంది.

తర్వాత కూడా తెల్లగా అడిగినవాళ్లకు తెల్లగానే తీశాను. కానీ రెండో లైటు వేయబోతే చెయ్యి ఆగేది. రెండువేల సంవత్సరం తర్వాత కంప్యూటరు వచ్చి, మా ఆయన ముఖాలన్నీ ఒకే తెలుపుకు తెస్తుంటే గొడవపడేదాన్ని. అడిగింది ఇస్తున్నాం కదా, నీకేటి బాధ అనేవారు. ఒక బుగ్గ మీద నీడైనా ఉంచమనేదాన్ని.