రెండు స్టేషన్ల నడుమ చప్పుడు

నంద్యాలలో రేడియోలు బాగుచేసే అన్న మంగళవారం పొద్దున కన్నుమూశారు. ఫోను చేసింది ఆయన భార్య, మా వదిన. "టీ తాగి, ట్రాన్సిస్టరు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడప్పా. మళ్లా పిలిస్తే పలకలేదు" అంది. తొంభైకి దగ్గరపడిన మనిషి, తనకిష్టమైన కుర్చీలో, నొప్పి తెలియకుండా వెళ్లిపోయారు. బాధ లేదని కాదు. కానీ ఆయన గురించి రాద్దామని కూర్చుంటే సంతోషమే ముందు తోసుకొస్తోంది. నేను ఎనిమిదితో చదువు ఆపేసిన బస్సు డ్రైవరును. తప్పులుంటే సర్దుకోండి.

ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు నడిపేవాణ్ని. ఆళ్లగడ్డలో ఎవరి రేడియో మూగబోయినా నా సీటు పక్కన పెట్టుకొని అన్న కొట్టుకు చేర్చేవాణ్ని. రక్తసంబంధం ఏమీ లేదు, అలా కలిసిన అన్న ఆయన. ఆయన బల్ల మీద ఒక చిన్న ట్రాన్సిస్టరు ఎప్పుడూ రెండు స్టేషన్ల నడుమ, ఏ పాటా రాని చోట, సన్నగా బుసకొడుతూ ఉండేది. మనం గోల అని ఆపేసే ఆ చప్పుడును ఆయన చెవొగ్గి వినేవారు. వీధి మలుపులో పెట్రోలు జీపు వస్తోందంటే, కంటికి కనిపించకముందే ఆ ట్రాన్సిస్టరులో టకటకమని వినిపించేది.

"పెట్రోలు బండిలో నిప్పురవ్వ పుడ్తాది, అది గాలిలోకి కేకేస్తాది. నీది డీజిలు బండి, దొంగోని మాదిరి వస్తావు" అని నన్ను ఏడిపించేవారు.

మా పెద్ద పాపకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఏడేళ్లప్పుడు కర్నూలు నుంచి చెవి మిషను తెచ్చాం. అప్పట్లో అది జేబులో పెట్టుకునే డబ్బా, దాని నుంచి చెవిలోకి ఒక తీగ. మొదటిసారి పెట్టిన రోజు పాప వాళ్లమ్మ గాజుల చప్పుడుకు వెనక్కి తిరిగి చూసింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద పండుగ జరగలేదు.

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. బళ్లో కూర్చోగానే మిషను పీకేయడం మొదలుపెట్టింది. "గుర్రుమంటాంది నాయనా" అనేది. ఇంట్లో పెడితే ఏమీ ఉండదు. కర్నూలులో రెండుసార్లు చూపిస్తే మిషను బాగుందన్నారు. ఒకరోజు పంతులమ్మ నన్ను పిలిపించింది.

"పాఠం చెప్పేటప్పుడే గుర్రుమంటాదంట, ఆటలప్పుడు ఏం కాదంట. వట్టి దొంగ వేషాలు. మిషను పెట్టుకోని పిల్లకు నేనేం చెప్పేది? దసరా సెలవులైనాక పంపొద్దండి."

ఆ సాయంత్రం పాపను కొట్టాను. ఇది దాచిపెట్టి అన్న గురించి రాయడం నా వల్ల కాదు.

మరునాడు కొట్లో ఈ మాట చెబితే అన్న చేతిలోని పని ఆపేశారు.

"ఎప్పుడు గుర్రుమంటాది, ఎంతసేపు ఉంటాది, పిల్లను అడిగినావా?"

"అబద్ధాన్ని ఏం అడిగేదన్నా."

"అబద్ధమని ఎవరు చెప్పినారు? నీ చెవులా?" అన్నారు. కొట్టు మూసి, బల్ల మీది ట్రాన్సిస్టరు చంకన పెట్టుకొని నా బస్సులోనే ఎక్కారు.

ఆళ్లగడ్డలో మా పాప బళ్లో వెనక బెంచీ మీద పాపను కూర్చోబెట్టి, ఒకరికొకరు కనిపించకుండా ఆమె వీపుకు తన వీపు ఆనించి కూర్చున్నారు. ట్రాన్సిస్టరు తీగ తన చెవిలో పెట్టుకున్నారు. "గుర్రుమంటే చెయ్యెత్తు. ఆగితే దించు. నేనూ అట్లే చేస్తా" అని ముందే సైగలతో చెప్పి ఉంచారు. నేనూ పంతులమ్మా పక్కన నిలబడ్డాం. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి పాప చెయ్యి లేచింది. అదే క్షణాన అన్న చెయ్యి లేచింది. కొంతసేపటికి రెండూ ఒక్కసారే దిగాయి. మళ్లీ లేచాయి, మళ్లీ దిగాయి. మూడోసారికి పంతులమ్మ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

అన్న మొదట ట్యూబులైటును అనుమానించారు. అది ఆర్పినా చప్పుడు పోలేదు. ట్రాన్సిస్టరు పట్టుకొని గోడల వెంట నడిచారు. ఒక గోడ దగ్గర చప్పుడు బాగా పెరిగింది. ఆ గోడకు అవతల, కీళ్ల నొప్పులకు కరెంటు కాపడం పెట్టే మిషను కొత్తగా తెచ్చిన డాక్టరుగారి ఇల్లు.

"చూడప్పా, చప్పుడు ఆగినప్పుడల్లా ఆ ఇంట్లో నుంచి ఎవరో ఒక ముసలాయన మోకాలు నిమురుకుంటా బయటికి వస్తాండాడు" అన్నారు నాతో.

వెళ్లి చెబితే డాక్టరుగారు నమ్మలేదు. అప్పుడు అన్న టెస్టరులో ఉండే చిన్న నియాను బల్బు తీసి, ఏ తీగా తగిలించకుండా, వేళ్ల నడుమ పట్టుకొని ఆ మిషను తీగల దగ్గరికి తీసుకెళ్లారు. బల్బు నారింజరంగులో వెలిగింది.

"ఏందీ ఇది?" అన్నారు డాక్టరుగారు.

"మీ కాపడం మోకాలితో ఆగకుండా గోడ దాటుతాండాది సార్. పాప మిషను దాన్ని పట్టుకుంటాండాది."

డాక్టరుగారు మంచివారు. మిషనును ఇంటి అవతలి కొస గదికి మార్చి, బడి వదిలాకే పెడతానన్నారు. పాప బెంచీని అన్న తానే లాగి, ఆ గోడకు దూరంగా వేశారు. నేను దండం పెట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపారు.

"నాకు కాదు. ఆ పిల్ల మొదటి దినం నుంచి నిజమే చెప్తాండాది. ఆమెకు చెప్పుకో" అన్నారు. చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

పాప సెలవుల తర్వాతా అదే బడికి వెళ్లింది. ఈరోజు నంద్యాలలో వినపడని పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఏ బిడ్డయినా మిషను పీకేస్తే కోప్పడదు. "ఎప్పుడు? ఎంతసేపు?" అని అడుగుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె నిండిపోతుంది. ఇంత సంతోషం ఒక మనిషికి దక్కుతుందా అనిపిస్తుంది.

మొన్న అన్న ఇంట్లో జరిగిన జ్ఞాపకార్థ కూడికకు అందరం వెళ్లాం. ప్రార్థన అయ్యాక వదిన ఆ ట్రాన్సిస్టరు తెచ్చి పాప ఒళ్లో పెట్టింది. పాప ముల్లు తిప్పి, రెండు స్టేషన్ల నడుమ ఆపి, అన్న ఖాళీ కుర్చీకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. లోపల వంటింట్లో ఎవరో మిక్సీ వేశారు. ట్రాన్సిస్టరు గుర్రుమంది. యాభై దాటిన మా పాప, కళ్లు మూసుకొని, చెయ్యి పైకెత్తింది. మిక్సీ ఆగింది. చప్పుడు ఆగింది. ఆ చెయ్యి మాత్రం ఇంకా కాసేపు అలాగే ఉంది, వెనక నుంచి ఇంకో చెయ్యి దిగేదాకా ఆగినట్టు.