అందుకునే గొంతు

టీవీలో పాటల పోటీ వస్తుంటే ఇంట్లో అందరూ పాడే మనిషిని చూసేవారు. అనూరాధ మాత్రం ఆ మనిషి వెనక నిలబడ్డవాళ్లను చూసేది. వేదికకి ఓ పక్కన, వెలుతురు సగమే పడే చోట, ఒకే రంగు బట్టల్లో కోరస్ పాడేవాళ్లు. పల్లవి తిరిగి వచ్చే ముందు వాళ్లంతా కలిసి ఊపిరి తీసుకునేవారు. భుజాలన్నీ ఒక్కసారే లేచేవి. అది చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్లు పులకరించేది.

"పాడేవోడు ముందున్నాడు గదే, నువ్వెటు సూస్తన్నావు?" అని అత్త గున్నమ్మ వేళాకోళం చేసేది.

"వెనకవాళ్లు లేకపోతే ముందువాడు తేలిపోతాడత్తా," అనేది అనూరాధ, కళ్లు తిప్పకుండానే.

ఆమెది కొత్తవలస. బళ్లో ప్రార్థన పాడే పిల్లల్లో ఒకతె. విజయనగరంలో బీఎస్సీ చదివే రోజుల్లో బృందగానం పోటీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లింది. విడిగా పాడే పోటీకి పేరిమ్మంటే ఒక్కసారీ ఇవ్వలేదు. భయం కాదు. ఒక్కతే పాడితే తన గొంతు తనకే సన్నగా, చలిలో గుమ్మం బయట నిలబెట్టిన పిల్లలా వినిపించేది. పదిమందిలో పాడితే అందులో తన గొంతు ఏదో తనకే తెలిసేది కాదు. ఆ తెలియకపోవడమే ఆమెకి ఇష్టం.

పెళ్లయి శ్రీకాకుళం వచ్చాక అరసవల్లి దగ్గర ఒక ప్రైవేటు బళ్లో సైన్సు టీచరుగా చేరింది. భర్త గోపిది మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. వాళ్ల వీధి చివర రామకోవెలలో శనివారం సాయంత్రాలు ఆడవాళ్ల భజన జరుగుతుంది. నారాయణమ్మ అనే పెద్దావిడ ముందుపాట పాడేది, మిగతావాళ్లు అందుకునేవారు. అనూరాధ వెళ్లి ఆ అందుకునేవాళ్లలో కూర్చుంది. కొన్నాళ్లకి నారాయణమ్మకి ఆయాసం పట్టుకుని, ముందుపాట ఈమె మీద పడింది.

"నావల్ల కాదు పెద్దమ్మా," అంటే, నారాయణమ్మ తాళాలు ఆమె చేతిలో పెట్టేసింది.

"నువ్వు ఒక మాట అనీసి ఒగ్గీ. మిగిల్నది మేం సూసుకుంటాం. నువ్వొక్కదానివీ మొయ్యాలని ఎవులన్నారు?"

అలా అనూరాధకి ముందుపాట అలవాటైంది. ఒక పాదం అనడం, ఆగడం. ఆగినచోట గుంపు గొంతు వచ్చి నిండుతుంది. ఆ ఆగడంలో ఆమెకి ఎప్పుడూ బెరుకు లేదు.

బెరుకంతా ఇంట్లోనే ఉండేది. కూతురు రేఖకి రెండున్నరేళ్లు నిండినా మాట రాలేదు. అమ్మ అని కూడా అనదు. ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపిస్తుంది. నవ్వుతుంది, ఏడుస్తుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది. మాట మాత్రం లేదు. విశాఖపట్నం తీసుకెళ్లారు. పిల్ల నిద్రలో ఉండగా తలకి తీగలు అతికించి వినికిడి పరీక్ష చేశారు. చెవులు బాగున్నాయి. డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు: "టీవీ, ఫోను కట్టేయండి. పిల్లతో బాగా మాట్లాడండి. మాట్లాడి కాస్త ఆగండి, తనకి చోటివ్వండి. కొందరికి ఆలస్యంగా వస్తుంది. చూద్దాం."

'చూద్దాం' అన్న మాట అనూరాధకి పడలేదు. ఏ నెలకి ఎన్ని మాటలు రావాలో చెప్పే పట్టికలన్నీ చదివింది. పిల్లకి పాలిస్తూ తను పాటల పోటీలు చూసిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. తప్పు తనదేనని తేల్చుకుంది. ఆ రోజే టీవీ మీద పాత చీర కప్పేసింది. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టింది. పొద్దున లేచింది మొదలు పిల్ల పడుకునేదాకా ఒకటే మాటలు.

"ఇదేంటి రేఖా? అరటిపండు. అను, అరటిపండు. చూడు, పసుపు రంగు. తొక్క తీద్దామా? తొక్క. అదుగో కాకి. కాకి ఏమంటుంది? కావ్ కావ్ అంటుంది. అను, కాకి..."

ఒక్కోసారి పిల్ల తన చిన్న అరచెయ్యి తల్లి నోటికి అడ్డం పెట్టేది. ఆటలాడుతోందనుకుని అనూరాధ ఆ చేతిని ముద్దు పెట్టుకుని, "చెయ్యి! ఇది చెయ్యి!" అని మళ్లీ మొదలుపెట్టేది.

ఇలా ఉండగా, భజనలో పక్కన కూర్చునే భారతి ఒక పని చేసింది. అనూరాధ పాడుతుంటే ఫోనులో రికార్డు చేసి, కొత్తగా రాబోయే ఒక టీవీ పోటీకి పంపేసింది. విజయనగరంలో ఒక కల్యాణ మండపంలో ఎంపికలు, రమ్మని కబురొచ్చింది.

"నన్నడక్కుండా ఎందుకు పంపావు?" అని అనూరాధ కోప్పడింది.

"అడిగితే ఒల్లనందువు గదేటి!" అంది భారతి.

గున్నమ్మ కూడా కోడలి వెంటపడింది. "ఎల్లే. నాను పిల్లని ఎత్తుకుని కూడా వస్తాను. టీవీలో అమ్మ కనబడితే గుంట నోరిప్పుతాదేమో, ఎవులికి తెలుసు? డాక్టరు టీవీ వద్దన్నాడు గాని అమ్మని వద్దన్నాడేటి?"

దానికి ఆధారం లేదని అనూరాధకి తెలుసు. కానీ ఆధారాలున్నవన్నీ చేసి చూసింది. ఇంక మిగిలినవి ఆధారం లేనివే. ఒప్పుకుంది.

మండపం కిటకిటలాడుతోంది. గుండెల మీద నంబరు అంటించుకున్నవాళ్లు గోడల వైపు తిరిగి సరిగమలు అంటున్నారు. ఒకాయన కూతురికి ఫ్లాస్కులోంచి మిరియాల కషాయం పోస్తూ, "ఇంకో గుక్క, ఇంకో గుక్క," అని బతిమాలుతున్నాడు. గున్నమ్మ రేఖని చంకనేసుకుని అందర్నీ పరిశీలించి, "ఈళ్లంతా నీకంటే బక్కగా ఉన్నార్లే, భయపడకు," అంది.

పిలిచారు. లోపల బల్ల వెనక ముగ్గురు, ఒక పక్కన కెమెరా. అనూరాధ కళ్లు మూసుకుని భజనలో పాడే సూరీడి పాట ఎత్తుకుంది.

"ఎందాకా వచ్చేడే సూరీడు, ఎందాకా వచ్చేడే?"

గొంతు చక్కగా పలికింది. శ్రుతి తప్పలేదు. అలవాటు ప్రకారం ఆగింది.

పైన పంకా తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఇంకా ఆగే ఉంది. ఎవరో కుర్చీ జరిపారు.

"ఏమ్మా, మరిచిపోయారా?"

కళ్లు తెరిచింది. "లేదండీ. అందుకుంటారని..."

"ఎవరు?"

అప్పుడు తెలిసింది ఆమెకి. బల్ల వెనక ముగ్గురు ఆమెనే చూస్తున్నారు. మళ్లీ మొదలుపెట్టమన్నారు. మొదలుపెట్టింది. ఈసారి ఆగకూడదని గట్టిగా అనుకుంది, కానీ పాదం చివరికి రాగానే ఊపిరి దానంతటదే ఆగిపోయింది. వాళ్లలో వయసులో పెద్దావిడ నవ్వింది గాని, ఎగతాళిగా కాదు.

"గొంతు మంచిదమ్మా. కానీ ఇక్కడ మీరొక్కరే పాడాలి. మీ పాటలో ఇంకెవరో ఉన్నారు."

నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. అవమానం కన్నా ఎక్కువగా ఆకలేసినట్టు, నీరసంగా ఉంది. వసారా చివర మెట్ల మీద గున్నమ్మ రేఖని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏటైనాదే?"

"అవలేదు."

"అవనేదా? ఏటి, బాగా పాడనేదా?"

"బాగానే పాడానత్తా. మధ్యలో ఆగిపోయాను. మన భజనలో ఆగినట్టు." పక్కన కూలబడింది. తన మీద తనకే నవ్వొచ్చింది. "ఇలాగ. ఎందాకా వచ్చేడే సూరీడు, ఎందాకా వచ్చేడే... అనీసి నోరు మూసుకుని కూర్చున్నాను."

నిజంగానే నోరు మూసుకుంది. ఇంక చెప్పడానికి ఏమీ లేదు. చాలా రోజుల తర్వాత, కూతురి ఎదురుగా ఆమె ఏమీ మాట్లాడకుండా కూర్చుంది.

"దాకా అచ్చేదే!"

అన్నది గున్నమ్మ కాదు. గున్నమ్మ నోరు తెరుచుకుని ఒళ్లోకి చూస్తోంది. రేఖ తల్లి మొహంలోకి చూస్తూ, తర్వాతది ఎప్పుడంటావన్నట్టు కూర్చుంది.

"ఓలమ్మా!" అంది గున్నమ్మ.

అనూరాధ కదలలేదు. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని నమ్మొద్దని బళ్లో పిల్లలకి చెప్పే టీచరు ఆమె. మళ్లీ అంది: "ఎందాకా వచ్చేడే సూరీడు, ఎందాకా వచ్చేడే?" ఆగింది.

"దాకా అచ్చేదే!" ఈసారి చప్పట్లు కూడా.

మూడోసారి పాట సగంలోనే అనూరాధకి ఏడుపొచ్చేసింది. రేఖకి కోపం వచ్చింది. తల్లి గడ్డం పట్టుకుని ఊపింది, కానివ్వమని.

"అనే, అను! గుంట కాసుకుని ఉన్నాది," అని గున్నమ్మ కోడలి వీపు మీద చరిచింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు అంది: "కోవెల్లో నా ఒళ్లో కూకుని ఊగుతా నోరు మెదుపుతాదే ఇది. ఆవులిస్తన్నాదనుకున్నాను. అందరూ అరస్తంటే ఎవులి గొంతు ఎవులికి వినబడతాది?"

అనూరాధ ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఎన్ని శనివారాలో! తనకి అంత ఇష్టమైన ఆ గుంపు గొంతులో కూతురి గొంతు ఉండి ఉంటుంది. దేన్నైతే ఎవరిదో తెలియని గొంతని మురిసిపోయిందో, అందులో ఒక పోగు ఈ పిల్లదే కావచ్చు. ఇంట్లో మాత్రం పిల్లకి సందు దొరకలేదు. డాక్టరు చెప్పిన రెండు మాటలు ఆమె పట్టుకుంది. మూడోది, ఆగమన్నది, భయంలో చెవికెక్కలేదు. ప్రయోగశాలలో బ్యూరెట్ పట్టుకున్న పిల్లలకి తనే చెబుతుంది: చుక్క వెయ్యండి, ఆగండి, రంగు చూడండి. ఇంట్లో మాత్రం కుళాయి తిప్పి వదిలేసింది.

"ఇంతకీ ఆళ్లేటన్నారే?" అని గున్నమ్మ అడిగింది, బస్టాండుకి నడుస్తూ.

"ఒక్కదాన్నే పాడాలన్నారు."

గున్నమ్మ కళింగపట్నం ఒడ్డున పుట్టిన మనిషి. ఊరంతా వరసగా నిలబడి, ఒకడు పాట అంటే పదిమంది అందుకుంటూ పెద్దవల ఒడ్డుకి లాగడం చూసి పెరిగింది. చీదరించుకుంది. "ఆళ్లకేటి తెలుస్తాదే? ఒక్కడు లాగితే వలొస్తాదేటి?"

బస్టాండులో అనూరాధ రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నది. ఎన్నాళ్లకో ఆకలి తెలిసింది. గోపికి ఫోను చేసి చెబితే అతను మొదట నమ్మలేదు. ఫోను పిల్ల దగ్గర పెట్టి పాట అంటే అది ఫోనుని నోట్లో పెట్టుకుంది తప్ప కిక్కురుమనలేదు. "ఇందాక అంది, ఒట్టు!" అని అనూరాధ నవ్వుతూనే ఉంది. బస్సు కదిలాక పిల్ల దానంతటదే కిటికీలోంచి ఎండని చూసి, "అచ్చేదే," అంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

"మా మనవరాలు," అని గున్నమ్మ ఆయనకి చెప్పింది, "పాడతన్నాది."

మాటలు ఒక్కసారిగా వచ్చి పడలేదు. మొదట పాటల చివరి తునకలు, తర్వాత 'అమ్మ', తర్వాత 'వద్దు'. ఆ 'వద్దు' మాత్రం రోజంతా. అనూరాధ ఇంట్లో తక్కువ మాట్లాడడం నేర్చుకుంటోంది. ఒక మాట అనడం, మనసులో భజన నడక లెక్కపెట్టుకుంటూ ఆగడం. కొన్నిసార్లు ఏమీ రాదు. అప్పుడు పాత భయం మెడ దగ్గర చల్లగా తగులుతుంది. అయినా ఆగుతుంది. టీవీ ఇంకా చీర కిందే ఉంది. పిల్ల పడుకున్నాక ఎప్పుడైనా అత్తాకోడళ్లు చీర తీసి, గొంతు తగ్గించి చూస్తారు. ఇప్పుడు గున్నమ్మ కూడా వెనక నిలబడ్డవాళ్లనే చూస్తుంది.

కోవెల్లో ఇప్పుడు రేఖని ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. కొత్త చిక్కు వచ్చింది. అనూరాధ పాదం ఇంకా పూర్తి చెయ్యకుండానే, గుంపు ఊపిరి తీసుకోకుండానే, రేఖ అందుకుంటోంది. మొన్న శనివారం నారాయణమ్మ చెయ్యెత్తి పాట ఆపి, ఆయాసపడుతూ కేకేసింది.

"ఒసే గుంటా! మీ అమ్మని కాస్త అననీయే!"

రేఖ ఆగింది, తల్లి వైపు చూస్తూ.