చెయ్యెత్తని మేడం

మా మేడం పోయారు. మొన్న పొద్దున పాలపాకెట్లు వేసే అతను తలుపు కొట్టి చెప్పాడు, నిద్రలోనే ప్రాణం పోయిందట. మధ్యాహ్నానికల్లా అరసవల్లిలో మా కాలనీ మలుపు దగ్గర సంఘం వాళ్ళు ఫ్లెక్సీ కట్టేశారు. సౌమ్యురాలు, అందరితో కలిసిమెలిసి మెలిగిన మనిషి అని రాయించారు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఆమె సౌమ్యురాలు కాదు, కలిసిమెలిసి అసలే కాదు. బతికుండగా నోరు మూయించలేనివాళ్ళు ఇప్పుడు మెత్తటి మాటలతో ఆ పని చేస్తామంటే నేను ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

నరసన్నపేట డిగ్రీ కాలేజీలో ఆమె మాకు రాజనీతిశాస్త్రం చెప్పారు. అమెరికా రాజ్యాంగం పేపరు ఆమెదే. పొందూరు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే తెలుగు మీడియం పిల్లలం, ఆ దేశం గొడవ మాకెందుకని అడిగాం. ఒక రాజును వదిలించుకున్నవాళ్ళు ఇంకో రాజు పుట్టకుండా ఏం జాగ్రత్తలు పడ్డారో తెలిస్తే, మన వీధిలో పుట్టే రాజుల్ని కూడా గుర్తుపట్టగలరన్నారు. సుద్దముక్క చేతిని ఖద్దరు చీరకే తుడుచుకుంటూ చెప్పుకుపోయేవారు. క్లాసయ్యేసరికి చీర కుడివైపంతా తెల్లగా ఉండేది.

మా వైపు పోటీ అంటే పరువు తక్కువ. పెద్దలు ముందే కూర్చుని ఒక పేరు అనుకుంటారు, మిగతావాళ్ళు తలూపుతారు. దాన్ని ఏకగ్రీవం అని గొప్పగా చెప్పుకుంటాం. మేమూ క్లాసు లీడరును అలాగే ఎన్నుకుని, మెచ్చుకుంటారని సంబరంగా వెళ్ళి చెప్పాం. ఆమె మా ముఖాలు చూశారు.

"ఇంతమందిలో ఒక్కరికీ వేరే ఆలోచన రానేదా? వచ్చినా సెప్పడానికి బయపడ్డారా?"

ఆ ఎన్నిక చెల్లదన్నారు. క్లాసును మూడు ముక్కలు చేశారు. ఒక వరుస నియమాలు చెయ్యాలి, ఒక వరుస అమలుచెయ్యాలి, ఇంకో వరుస తప్పొప్పులు తేల్చాలి. ఎవరి పనిలో తప్పున్నా మిగతా రెండు వరుసలు అడ్డుపడాలి. పీరియడ్ అయ్యేసరికి ప్రాణస్నేహితులం కూడా తగువులాడుకుని ఎడమొహం పెడమొహంగా బయటికొచ్చాం. ఆమె మాత్రం తెగ సంతోషపడ్డారు. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళు ఒకరినొకరు నమ్మలేదు, ఆ అపనమ్మకాన్నే పునాదిలో పోసి ఇల్లు కట్టారు, అందుకే నిలబడిందని చెప్పారు.

అలాగని ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోలేదు. మనుషులంతా సమానమని రాసుకున్నవాళ్ళ ఇళ్ళల్లోనే బానిసలుండేవారని అదే నోటితో చెప్పేవారు. గొప్ప మాట ఏది విన్నా అందులో ఎవరు లేరో ముందు వెతకమనేవారు. మాకు హక్కుల పాఠం చెప్పినప్పుడు అన్న మాట ఒకటి నాకు ఇప్పటికీ వినబడుతుంది. "ఎక్కువమంది గెలవాలి. కానీ గెలిసినోళ్ళు ఓడినోడి నోరు నొక్కీకూడదు."

ఉద్యోగం వచ్చి నేను అరసవల్లిలో ఇల్లు తీసుకున్నాక ఆమె పక్కింటివారయ్యారు. అప్పుడే అప్పలమ్మ గొడవ జరిగింది. అప్పలమ్మ మా కాలనీ మొదట్లో ఇడ్లీల బండి పెట్టుకుంటుంది, ఆ బండే ఆమె బతుకు. ఒక వానాకాలం కాలవ పొంగి ఇళ్ళముందు మురుగు నిలిచింది. బండివల్లే అని, తీసేయించాలని సంఘం తీర్మానం పెట్టింది. అందరి చేతులూ లేచాయి, నాదీ లేచింది. మేడం చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది.

అప్పలమ్మను పిలిచి అడిగారా అన్నారు మేడం. ఆవిడ సంఘం సభ్యురాలు కాదు కదండీ అని ప్రెసిడెంటుగారు నవ్వారు.

"సబ్యురాలు కాకపోతే మనిషి కాదేటి? పిలవండి. ఆవిడ ముందు సెప్పండి."

పిలవక తప్పలేదు. కాలవ పలకలు ఎత్తించకా తప్పలేదు. అడుగున అప్పలమ్మ విస్తరాకులు నిజంగానే ఉన్నాయి. వాటి మీద ప్రెసిడెంటుగారి మేడ కట్టినప్పటి సిమెంటు పెళ్ళలూ ఉన్నాయి. ఆకులు చూసి మేడంని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఆమె తగ్గలేదు. తప్పు లేనివాళ్ళనే వినాలని ఎవరన్నారు, తప్పున్నవాళ్ళనీ వినాలి అన్నారు. అప్పలమ్మ ఆకులకి డ్రమ్ము పెట్టుకుంది, బండి ఉండిపోయింది. ఆ తర్వాత చాలా ఇళ్ళవాళ్ళు మేడంతో మాట్లాడటం మానేశారు. అమెరికా మేడం అని వెనకాల నవ్వేవారు. పలకరింపులు పోతే పోయాయి, చదువుకోవడానికి తీరిక దొరికిందని ఆమె నాతో అన్నారు. నొచ్చుకున్నారని నాకు తెలుసు. అయినా తర్వాతి మీటింగుకి అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు.

నిన్న సంఘం సంతాపసభ పెట్టింది. రెండు నిమిషాలు నిలబడ్డాం, ఆమె ఫొటోకి దండ వేశారు. కాఫీలు ఇస్తుండగానే ప్రెసిడెంటుగారు, ఎలాగూ అందరం ఉన్నాం కదా, ఆ బండి సంగతి కూడా తేల్చేద్దాం అన్నారు. రథసప్తమికి గుడికొచ్చే జనం కోసం రోడ్డు విశాలంగా ఉండాలట. చేతులు లేచాయి. ఏకగ్రీవమే కదా అంటూ ఆయన పెన్ను తీశారు.

లేచి నిలబడి, ఏకగ్రీవం కాదండీ, నేను ఎత్తలేదు, ముందు అప్పలమ్మని పిలవండి అన్నాను. పోయినావిడ నీకు పూనిందా అని ఎవరో అన్నారు. పిలిచేదాకా నేను కూర్చోనన్నాను.

అప్పలమ్మ బండి దగ్గర నుంచి అలాగే వచ్చింది, చేతులకి పిండి ఉంది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి అందరి ముఖాలూ చూసింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమే గోడవారనున్న కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి, ప్రెసిడెంటుగారి బల్లకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఏటి అడుగుతారో అడగండి బాబూ. నాను సెప్తాను."