బూటులో పండు మిరపకాయలు

నా చిన్నప్పుడు, పర్చూరు దగ్గర మా ఊళ్లో బూట్లున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. బళ్లో పరుగుపందెం గెలిచానని మా నాన్న కొనిచ్చిన తెల్ల కాన్వాసు బూట్లు అవి. ఇక నా గర్వం సంగతి చెప్పక్కర్లేదు. కాళ్లు కడుక్కుని, తడి తుడవకుండానే తొడిగేసేదాన్ని. మిరపచేను కాలవలో దిగినా వాటితోనే. పడుకోబోయే ముందు అమ్మ బలవంతంగా లాగి పక్కన పెట్టేది.

కొన్నాళ్లకు కుడికాలి బొటనవేలి గోరు పచ్చబడి, మందమెక్కి, అంచులు పొడిపొడిగా రాలడం మొదలైంది. మరోపక్క జిల్లా పరుగుపందేలు దగ్గరపడుతున్నాయి. అమ్మ చూసిందంటే నా బూట్లు పెంటదిబ్బ మీదే. అందుకని రెండు కాళ్లకూ గోరింటాకు పెట్టేసుకున్నాను. ఇంట్లో అందరూ చూసి ముచ్చటపడ్డారు, మా తాతయ్య తప్ప.

తాతయ్య ఆ రోజు కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్నాడు. నన్ను పిలిచి, బూటు విప్పి, కాలు ఒళ్లో పెట్టుకుని చూశాడు. చేలోంచి అప్పుడే తెచ్చిన తడి పండుకాయలు గుప్పెడు నా బూటులో కుక్కి, మూతికి గుడ్డ బిగించి కట్టాడు. ఇంకో గుప్పెడు ఎండలో పరిచాడు.

"తాతయ్యా, నా బూటు!" అని నేను పెట్టిన కేకకు కూలివాళ్లంతా తలెత్తి చూశారు.

"ఉండవే అమ్మడూ, నీ బూటెక్కడికీ పోదులే. వారం ఆగు."

ఆ వారమంతా ఏడుపు మొహంతో వట్టికాళ్లతో బడికెళ్లాను. తర్వాత గుడ్డ విప్పితే ఏముంది! ఎండలో కాయలు గలగలలాడుతున్నాయి. బూటులోవి మెత్తబడి, తెల్లటి బూజు పట్టి, ముక్కు మూసుకునేలా ఉన్నాయి.

"రెండూ ఒక చెట్టు కాయలే. తడి ఆరనీకుండా చీకట్లో కుక్కితే మిరపకాయే ఇట్టా అయింది. నీ వేలొక లెక్కా?" అన్నాడు తాతయ్య.

ఎప్పుడూ పంచె కిందకు మడిచి కూర్చునే తన ఎడమకాలు అప్పుడు నా ముందు చాపాడు. ఆ గోరు నాదానికంటే అధ్వాన్నంగా ఉంది.

"నాది ముదిరిపోయిందే. నా చెప్పులేసుకుని దొడ్లోకి పరిగెడతావు గదా, నీకు నా దగ్గర్నుంచే అంటిందో ఏమో."

ఆ మాట అంటుంటే ఆయన మొహం చిన్నబోయింది. నాకు బూటు మీద దిగులు పోయి ఆయన మీద జాలేసింది. నువ్వూ గోరింటాకు పెట్టుకోవాల్సింది తాతయ్యా అన్నాను. కల్లం దద్దరిల్లేలా నవ్వాడు.

మర్నాడు ఇద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. మిరపకాయ బూజూ గోటి బూజూ ఒకటి కావనీ, కాకపోతే రెండూ తడీ ఉక్కా ఉన్నచోటే పెరుగుతాయనీ, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుంటే గోటిది అంటుకోవచ్చనీ ఆయన చెప్పారు. మందు రాసినా కొత్త గోరు నెమ్మదిగా పెరిగి రావాల్సిందేనట.

పందెం రోజున, ఉతికి ఎండబెట్టిన ఆ బూట్లే తొడుక్కున్నాను. సగం దూరం పోయేసరికి ఉతికినా పోని మిరప ఘాటు చెమటకు తగిలి కుడికాలు భగ్గున మండింది. ఆ మంటకు ఎలా పరిగెత్తానో నాకే తెలియదు, అందరికంటే ముందు నేనే ఉన్నాను.

ఏడాది తిరిగేసరికి నా గోరు శుభ్రంగా వచ్చింది. తాతయ్యది సగమే బాగుపడింది. అయినా ఆ తర్వాత ఆయన నలుగురిలో కాలు మడిచి కూర్చోవడం నేను చూడలేదు. ఇప్పటికీ వేళ్ల సందులు తుడుచుకోనిదే చెప్పులు వేసుకోను. ఏదైనా దాచుకోవాలనిపించినప్పుడు, నా ముందు చాపిన ఆ కాలు గుర్తొస్తుంది. వెంటనే ఇంట్లోవాళ్లను పిలిచి చెప్పేస్తాను.